తరంగంబాడి మీదుగా నాలుగు రోజులు

రంజాన్ నెలలో ఇక్కడ ఖతార్‌లో మాకు డ్యూటీ త్వరగా అయిపోతుంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి క్యాంపులో ఉంటాం. అలాంటి ఒక మధ్యాహ్నం, ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గదిలో పై మంచం మీద పరదా లాక్కుని పడుకున్నాను. కళ్ళు మూతలు పడుతుండగా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మూడేళ్ళ కింద పోయిన మా తమ్ముడి భార్య.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. ఎనిమిదేళ్ళు నా కింది మంచంలో పడుకున్నవాడు. నిజామాబాద్ వైపు మా రెండు ఊళ్ళకూ మధ్య ఇరవై కిలోమీటర్లుంటాయి గానీ, ఇక్కడికి వచ్చేదాకా ఒకరినొకరం చూసుకోలేదు. నన్ను అన్నా అని పిలిచేవాడు కాబట్టి తమ్ముడయ్యాడు, వాడి భార్య నాకు చెల్లెలయింది. తమ్ముడి భార్య చెల్లెలెలా అవుతుందని అడగకండి. గల్ఫ్ వరసలు అలాగే ఉంటాయి.

"అన్నా, మీరిద్దరు కలిసి సముద్రం పొంటి నాలుగు దినాల ప్లాను వేసిన్రట గదా. అదే ప్లాను నాకు గావాలె" అంది. వెనక కత్తెర చప్పుడు వినిపిస్తోంది. బీడీ ఆకు కత్తిరిస్తూ మాట్లాడుతోంది. "బిడ్డకు పదో తరగతి పరీక్షలు అయిపోతున్నయి. వాళ్ళ నాయన ఏమేం చూసిండో, యాడ పడిపోయిండో దానికి చూపియ్యాలె. నువ్వు లీవుల వస్తవు గదా, అక్కను తీస్కొని నువ్వు సుత రా. నలుగురం పోదాం."

సరేనన్నాను. కానీ ఫోన్ పెట్టేశాక లేచి కూర్చున్నాను. వాడు ఆ ప్లాను పట్టుకుని పోయిన రోజుల్లో ఆమెకు నేనొక అబద్ధం చెప్పాను. అది దాచుకుని ఆమె పక్కన, వాడు పడిపోయిన ఊళ్ళో నిలబడటం నావల్ల కాదు. చెబితే ఆమె మళ్ళీ నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. ఎనిమిదేళ్ళ స్నేహంలో నాకు మిగిలింది ఆ ఒక్క ఇల్లే.

ఆ ప్లాను పుట్టింది అల్ వక్రా అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో. శుక్రవారం సెలవు రోజు క్యాంపు బస్సు మమ్మల్ని మెట్రో దగ్గర దింపేది. మెట్రో ఎక్కి చివరిదాకా వెళ్ళి, అక్కడి నుంచి బజారు దాకా పోయేవాళ్ళం. సముద్రం పక్కన పాత ఇళ్ళన్నీ మట్టిరంగు పూసి ముచ్చటగా నిలబెట్టారు. కరక్ చాయ్ పట్టుకుని, చేపల పడవలు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒకరోజు వాడు ఉన్నట్టుండి, "అన్నా, వీళ్ళ పాత ఇండ్లను మనం చూడవడితిమి. మన పాత ఇండ్లను ఎవడు చూస్తున్నడే?" అన్నాడు.

మా జిల్లాలకు సముద్రం లేదు. వాడు పుట్టి బుద్ధెరిగి చూసిన మొదటి సముద్రం విమానం కిటికీలోంచి, అదీ పరాయి సముద్రం. మా సైటులో నాగపట్నం దగ్గరి తమిళ వెల్డర్ ఒకడుండేవాడు. పుదుచ్చేరిలో పసుపు గోడల వీధులున్నాయని, తరంగంబాడిలో డెన్మార్క్ వాళ్ళు కట్టిన కోట అలల ఒడ్డునే ఉందని, నాగూరు దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వస్తారని చెప్పి చెప్పి వాడికి పిచ్చెక్కించాడు. రెండేళ్ళకొకసారి వచ్చే లీవులో మేం చూసేదేముంది? మొదటివారం చుట్టాలు, రెండోవారం పొలంలో బోరు రిపేరు, తర్వాత ఎవరిదో పెళ్ళి, ఎవరికో మోకాలి ఆపరేషన్. వచ్చేనాటికి పెట్టె బరువు, పోయేనాటికి మనసు బరువు. అందుకని ఇద్దరం ఒకేసారి లీవు పెట్టి, హైదరాబాద్‌లో కాకుండా చెన్నైలో దిగి, నాలుగు రోజులు తిరిగి, అప్పుడు రైలెక్కి ఇంటికి పోదామనుకున్నాం. ఇంట్లో మాత్రం నాలుగు రోజులు ఆలస్యంగా వస్తున్నామని తారీఖు చెప్పాలి. లేకుంటే, దుబాయ్ నుంచి వచ్చినోడు పెళ్ళాంపిల్లల మొఖం చూడకముందే ఊళ్ళు తిరిగిండని ఊరంతా నోళ్ళు నొక్కుకుంటుంది. అది దుబాయ్ కాదు, ఖతార్ అని పదిహేనేళ్ళుగా చెబుతున్నా, మా ఊరికి ఇప్పటికీ దుబాయే.

ఆలోచన వాడిది, బస్సులూ గదులూ చూసి ప్లాను వేసింది నేను. నేను మా కంపెనీలో టైంకీపర్‌ని. పొద్దున ఐదింటికి బస్సు దగ్గర నిలబడి నంబర్లు పిలిచి, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో గుర్తు పెట్టడం నా పని. మనుషులు ఎక్కడున్నారో నిమిషాలతో సహా తెలిసి ఉండాలన్న పిచ్చి నాకు ఉద్యోగం నుంచే వచ్చింది. మొదటిరోజు మహాబలిపురం చూసుకుని పుదుచ్చేరి. రెండోరోజు పొద్దున పసుపు వీధులు, మధ్యాహ్నానికి తరంగంబాడి. మూడోరోజు నాగూరు, నాగపట్నం. నాలుగోరోజు చెన్నై. సామాను చెన్నై స్టేషన్‌లోనే క్లోక్ రూంలో పెట్టేయాలి. తాళ్ళు కట్టిన ముప్పై కిలోల కార్టన్ మోసుకుని కోటలు చూడలేం గదా.

తీరా పోయే వారం ముందు నా బదులు రావలసిన టైంకీపర్ రాలేదు. నా లీవు ఆగిపోయింది. "ఆపుదాం తియ్యి అన్నా, వచ్చేసారి ఇద్దరం పోదాం" అన్నాడు తమ్ముడు. పొమ్మన్నాను. నోటితో పొమ్మన్నాను గానీ ముఖం అలా లేదని వాడికి తెలుసు. ఎయిర్‌పోర్టు బస్సెక్కేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేస్తే, చొక్కా నలుగుతుందన్నట్టు పక్కకు జరిగాను. ఎంత చిన్నబుద్ధి!

వాడికి టైప్ చెయ్యడం బద్ధకం. ప్రతిదానికీ వాయిస్ మెసేజే. మహాబలిపురం నుంచి ఐదు పంపాడు. నేను ఉక్రోషంతో వినకుండా ఊరుకున్నాను. రెండోరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి పోబోతుంటే చెల్లెలి ఫోన్ వచ్చింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. క్యాంపులో ఎవరి ఇంటి నుంచి ఫోన్ వచ్చినా, మనిషి ఎత్తకపోతే, పక్క మంచం వాడు చెప్పవలసిన జవాబు ఒక్కటే: డ్యూటీల ఉన్నడు. వాడు తాగి పడిపోయినా డ్యూటీయే, జ్వరంతో మూలుగుతున్నా డ్యూటీయే, దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నా డ్యూటీయే. ఎవరూ నేర్పరు, గదిలో చేరిన వారానికి అదే వచ్చేస్తుంది. ఇంటివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? తల్లి మంచాన పడ్డా అంతా మంచిదే అంటారు. అబద్ధమాడినా అతికినట్టుండాలని సామెత. ఆ విద్యలో మాకు ఎవరూ వంక పెట్టలేరు.

"అన్నా, మీ తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడు. యాడున్నడే?" అంది.

"డ్యూటీల ఉన్నడు చెల్లె. ఓవర్‌టైం పడ్డది. ఇప్పుడే నా ముందటనే తిని పోయిండు."

"తిన్నడా?"

"నాలుగు రొట్టెలు తిన్నడు."

ఆమె నవ్వింది. చిన్న నవ్వు. సరే అన్నా అని పెట్టేసింది. ఆ పొద్దున హాజరు షీటులో వాడి నంబర్ ఎదురుగా లీవు అని రాసింది నేనే, సాయంత్రం డ్యూటీలో ఉన్నాడని చెప్పిందీ నేనే. నాకు ఏ తప్పూ అనిపించలేదు. ఇంట్లో తెలియనివ్వకూడదన్న మాట నిలబెట్టానని లోపల కొంచెం గర్వం కూడా.

అప్పటికి రెండు గంటల ముందే వాడు తరంగంబాడి కోట ముందు ఇసుకలో పడిపోయాడు. చేపలవాళ్ళు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. గుండె. తెలివి లేకుండా ఆ రాత్రీ, మర్నాటి పగలూ ఉన్నాడు. మూడోరోజు దీపాలు పెట్టే వేళకు పోయాడు. నా ఉక్రోషం నాలుగోరోజు పొద్దుటికి దిగింది. అప్పుడు ఫోన్ చేస్తే, ఆరిపోయి ఉన్న వాడి ఫోన్‌కు ఆ పొద్దునే చార్జింగ్ పెట్టిన ఆస్పత్రి ఆడమనిషి ఎవరో తమిళంలో గబగబా మాట్లాడింది. అర్థంకాక సైటులో వెల్డర్ చేతికి ఫోన్ ఇచ్చాను. వాడు విని, పైపుల కుప్ప మీద కూర్చుండిపోయాడు.

నేను నిజం చెప్పి ఉంటే ఆమె ఆ రాత్రే హైదరాబాద్ చేరి, తెల్లవారి విమానంలో చెన్నైకి వచ్చి, కారులో మధ్యాహ్నం దాటేసరికి ఆ ఆస్పత్రిలో ఉండేది. ఆ దారులన్నీ నాకు తెలుసు, చూసి పెట్టింది నేనే. ఆమె చెయ్యి పట్టుకుంటే వాడు కళ్ళు తెరిచేవాడో లేదో దేవుడికి తెలుసు. పట్టుకోకుండా చేసింది మాత్రం నేను. తర్వాత ఆమెతో, ప్లాను ఇద్దరిదే గానీ వాడు ఆ వారమే పోతాడని నాకూ తెలియదు చెల్లె, వేరే సైటుకు పోయాడనుకున్నాను అన్నాను. నాలుగు రొట్టెల మాట ఆమె ఎత్తలేదు. ఏడుపులో మరిచిపోయిందనుకుని బతికిపోయాను.

బతికిపోయానని అనుకున్నానే గానీ వాడు నన్ను వదల్లేదు. నేను దయ్యాలను నమ్మను. ఈ దేశానికి రావాలంటే దయ్యానికైనా వీసా కావాలి గదా అని నవ్వేవాడిని. వాడు పోయిన నాలుగు నెలలకు ఒక పొద్దున బస్సు దగ్గర నంబర్లు పిలుస్తూ, నాలుక అలవాటున వాడి నంబర్ పిలిచాను. పిలిచాక గుర్తొచ్చి ఆగాను. బస్సు లోపలి నుంచి "యెస్" అని వినపడింది. లోపలికి ఎక్కి చూశాను. అరవైమంది తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరు పలికారని అడిగితే ఎవరూ పలకలేదన్నారు. డ్రైవర్ యల్లా యల్లా అని తొందరపెట్టాడు, దిగిపోయాను. ఇప్పటికీ ఆ నంబర్ దగ్గరికి వచ్చేసరికి బస్సు వైపు చూడకుండా తర్వాతి నంబర్ పిలుస్తాను.

ఆమె అడిగిన ప్లాను వెయ్యాలంటే వాడి వాయిస్ మెసేజ్‌లే దిక్కు. నేను వేసిన పాత కాగితం ఎక్కడో పోయింది. ప్లాను వేసే రోజుల్లో వాడిది నైట్ షిఫ్ట్, నాది పగలు. ఒకే గదిలో ఉండి కూడా వాయిస్ మెసేజ్‌లలోనే వాదించుకున్నాం. రంజాన్ మధ్యాహ్నాలు పరదా లాగేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కటే విన్నాను. పుదుచ్చేరిలో రెండు పూటలు రాసుకుంటే, "అన్నా, అంతసేపు దండుగే, గోడలు చూసుకుంట ఎంతసేపు తిరుగుతం? ఒక్కపూట చాలు" అన్నాడు చెవిలో. కొట్టేసి ఒక్కపూట రాశాను. నాగూరులో గది చూస్తుంటే, "దర్గా పక్కకే తీస్కో, పొద్దుగాల నగారా వినాలె" అన్నాడు. అలాగే లేరా అన్నాను, పైకే అన్నాను. కింది మంచంలో ఇప్పుడొక నేపాలీ ఉన్నాడు. పరదా తొలగించి, ఎవరితో మాట్లాడుతున్నారని హిందీలో అడిగాడు. ఇంటితో అన్నాను. ఫోన్ తెర నల్లగా ఉండటం వాడు చూశాడు. ఆ రోజు నుంచి వాడు దిండు నా తల ఉన్న వైపు పెట్టుకోవడం మానేశాడు.

ఒక మెసేజ్ ఉంది. వాడు పంపిన ఆఖరిది, తరంగంబాడి నుంచి. పద్నాలుగు సెకన్లు. మాటలుండవు. గాలి, అలల హోరు, దూరంగా మోటారు పడవ. చివరన "అన్నా" అని ఉంటుంది. కొన్నిసార్లు వింటే ఉంటుంది, కొన్నిసార్లు వింటే గాలే. వాడు సముద్రాన్ని వినిపించడానికి పంపాడా, నన్ను పిలవడానికి పంపాడా తెలియదు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ పెట్టేశాక, ఆ ఒక్కటి మాత్రం స్నానం చేసి, అన్నం తిని, తీరిగ్గా విన్నాను. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వాడిని గొప్పవాడిని చెయ్యడానికి నేనిది రాయడం లేదు. పందెం కడితే తొండి చేసేవాడు, నా సబ్బు వాడి లేదనేవాడు. అయినా ఆ పద్నాలుగు సెకన్లకు నేను జవాబివ్వలేదు.

మా ఆవిడతో అంతా చెప్పాను. "చెప్పకు. మానిన పుండును గెలుకుతవా? నాలుగు దినాలు పోయి వద్దాం, ఆ పిల్లకు చూపిద్దాం, అయిపాయె" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. వారం రోజులు అలాగే అనుకున్నాను కూడా. రెండోరోజు పేజీ రాయబోయేసరికి చెయ్యి రాలేదు. తరంగంబాడి చేరే వేళ, కోటకు టికెట్టు, అక్కడి నుంచి ఆస్పత్రికి ఎంత దూరం, అన్నీ రాయాలి. ఆస్పత్రికి ఎంత దూరమో ఆమె అడిగితే ఏ ముఖంతో చెప్పాలి? మింగలేక కక్కలేక రెండు శుక్రవారాలు గడిపాను.

మూడో శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు దాటాక అల్ వక్రాకు ఒక్కడినే పోయాను. ఉపవాసం విడిచే వేళకోసం జనం చాపలు పరుచుకుంటున్నారు. నీళ్ళ దగ్గర గోడ మీద కూర్చుని ఫోన్ కలిపాను. అటువైపు కత్తెర ఆడుతూనే ఉంది.

"ప్లాను అయిందా అన్నా?"

"అయితుంది చెల్లె. దానికంటె ముందు ఒక ముచ్చట చెప్పాలె. ఆ దినం మాపటికి నువ్వు ఫోన్ జేస్తే డ్యూటీల ఉన్నడన్న గదా. డ్యూటీల లేడు. తరంగంబాడికి పోయిండని నాకు ఎరుకే. ఎరుకుండే అబద్ధమాడిన. నిజం చెప్తే నువ్వు తెల్లారి మధ్యానానికల్ల ఆడుంటుంటివి. తమ్ముడు ఆ మాపటిదాక పానంతోనే ఉన్నడు."

ఆగితే మళ్ళీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. కత్తెర ఆగింది.  కట్ చేసిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

"నాకెరుకే అన్నా" అంది.

"ఏం ఎరుక చెల్లె?"

"ఆయన ఆడున్నడని. ఆ పొద్దుగాలనే వీడియో కాల్ చేసిండు. పసుపు గోడల గల్లీ మొత్తం తిప్పి చూపిచ్చిండు. అన్నకు చెప్పకు, నీకు చెప్పిన్నని తెలిస్తే కోపమైతడు అన్నడు. మాపటికి ఎన్నిసార్లు చేసినా ఎత్తకపోయేసరికి నా గుండె దడదడ కొట్టుకున్నది. నీకు చేసిన. డ్యూటీల ఉన్నడు, నా ముందటనే తిన్నడు అని నువ్వు టకటక చెప్పినవు. అబద్ధమని నాకు ఆడనే తెలిసింది. వీళ్ళిద్దరు మాట్లాడుకున్నరు, కలిసే నాకు కత చెప్తున్నరు, అంటే ఆయన మంచిగనే ఉన్నడు అనుకున్న. నాకు సుత ఎత్తుతలేడు చెల్లె అని నువ్వు ఒక్కమాట అంటే, అప్పుడే మా సొంత అన్నను తోల్కొని బయలెల్లుదును. నీ మాట విని ఇంత అన్నం తిన్న. ఆ రాత్రి నిమ్మలంగ పండుకున్న అన్నా."

 చాపల మీద పిల్లలు ఖర్జూరాలు పంచుతున్నారు. ఒక పిల్ల నాకూ రెండు ఇచ్చి పోయింది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"మూడేండ్లాయె. నువ్వే చెప్తవని చూసిన" అంది.

"తప్పయింది చెల్లె."

"అయింది. ఇప్పుడేం జేస్తం?" ముక్కు చీదుకుంది. "ప్లాను మంచిగ రాసియ్యి. యాడ దిగాలె, యాడ తినాలె, ఆ ఆస్పత్రికి ఎట్ల పోవాలె, అన్ని రాయి. అక్కను పంపియ్యి. నువ్వు మాత్రం రాకు."

"సరే చెల్లె."

"కోపం గాదన్నా. నువ్వు పక్కన ఉంటె నాకు మళ్ళ ఆయన మంచిగనే ఉన్నడనిపిస్తది."

మెట్రో పట్టుకుని క్యాంపుకు వచ్చాను. మంచం మీద కూర్చుని రెండోరోజు పేజీ పూర్తిచేశాను, ఆస్పత్రి దూరంతో సహా. నలుగురికి వేసిందంతా ముగ్గురికి మార్చాను. రెండు గదులు అక్కరలేదు. ఆడవాళ్ళు ముగ్గురే కాబట్టి ఒక గది చాలు.